మంట ఆరింది, పని మిగిలింది

వారాంతాల్లో హైదరాబాద్, విజయవాడల నుంచి బైకులు ట్రక్కుకు ఎక్కించుకుని మద్రాస్ ట్రాక్‌కు వెళ్లే మెకానిక్‌ల కోసం, అక్కడ ఎండలో జెండా పట్టుకుని నిలబడే మార్షల్‌ల కోసం ఈ నాలుగు మాటలు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ఆ ట్రాక్‌ను ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉన్నా మనవాళ్లకు అందుబాటులో ఉన్నది ఇదే. అక్కడికి వెళ్లే టీముల్లో ఫైర్ సిలిండర్ పిన్ను ఎలా లాగాలో దాదాపు అందరికీ తెలుసు. మంట ఆరాక ఆ బైకుకు, ఆ తారుకు, తమ ఊపిరితిత్తులకు ఏం చేయాలో తెలిసినవాళ్లు తక్కువ. మంట మిగిల్చిన ఇంజిన్లు మర్నాడు వాటర్ సర్వీసింగ్‌లో పాడైపోతున్నాయి. పౌడర్ ఊడ్చిన కుర్రాళ్లు రెండు రోజులు దగ్గుతూ తిరుగుతున్నారు. రెండూ తప్పించగలిగిన నష్టాలే.

బైకుకు మంట ఎందుకు అంటుకుంటుందో ముందు చూద్దాం. కారులో పెట్రోలు ట్యాంకు ఇంజిన్‌కు దూరంగా ఉంటుంది. బైకులో సరిగ్గా ఇంజిన్ నెత్తిన కూర్చుని ఉంటుంది. రేసులో పడిన బైకు పక్కకు ఒరిగి తారు మీద జారుతుంది, గ్రావెల్‌లోకి వెళ్తే పల్టీలు కొడుతుంది. ఫుట్‌రెస్ట్, హ్యాండిల్ చివర, ఇంజిన్ కవర్ నేలకు రాసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. అదే సమయంలో ట్యాంకు మూత నుంచో, కార్బరేటర్ ఓవర్‌ఫ్లో నుంచో, ట్యాంకు అడుగున ప్లాస్టిక్ కప్లర్ విరిగిన చోటు నుంచో పెట్రోలు కారుతుంది. బైకు పడిపోగానే ఇంజెక్షన్ పంపును ఆపేసే సెన్సర్ ఈ రోజుల్లో చాలా బైకులకు ఉంది. అయితే పైపులో అప్పటికే ప్రెషర్ మీద ఉన్న పెట్రోలును, చిల్లుపడ్డ ట్యాంకును అది ఆపలేదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మండేంత ఆవిరి వదిలే ద్రవం పెట్రోలు. ఏప్రిల్ మధ్యాహ్నం చెన్నై తారు మీద దానికి ఒక్క రవ్వ చాలు. రవ్వ లేకపోయినా ఎర్రగా కాలిన బెండ్ పైపు ఆ పని చేస్తుంది.

మోటోజీపీ లాంటి పెద్ద స్థాయిలో కూడా జరిగేది ఇదే. 2020 ఆగస్టు 23న ఆస్ట్రియాలోని రెడ్ బుల్ రింగ్‌లో మావెరిక్ విన్యాలెస్ యమహాకు బ్రేకులు పోయాయి. ఆయన రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంలో బైకు వదిలి దూకేశాడు. బైకు వెళ్లి బారియర్‌ను గుద్దుకుని అంటుకుంది. మరుసటి ఏడాది ఆగస్టులో అదే ట్రాక్‌లో డానీ పెద్రోసా పడిపోయాడు. ట్రాక్ మధ్యలో ఉన్న అతని కేటీఎంను లొరెంజో సవదోరి అప్రీలియా గుద్దడంతో రేసింగ్ లైన్ మీదే మంట లేచింది. సవదోరి చీలమండ విరిగింది. ఎర్ర జెండా చూపించి రేసు ఆపేశారు. తారును శుభ్రం చేసి, సరిచూసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టారు. ఆ తిరిగి మొదలైన రేసులో హొర్హె మార్టిన్ మోటోజీపీలో తన తొలి విజయం సాధించాడని అభిమానులకు గుర్తుంది. ఆ విజయానికి ముందు చీపుళ్లు, బ్లోయర్లు పట్టుకుని వంగి పనిచేసినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు. నేను రాస్తున్నది వాళ్ల పని గురించి.

మంట ఆర్పే విషయంలో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మార్షల్ శిక్షణలో ఇది చెబుతారు. ఒంటరిగా వెళ్లకండి. ఒకరు మంట చూస్తుంటే ఇంకొకరు వచ్చే బైకుల వైపు మొహం పెట్టి నిలబడాలి. జెండా ఊగకుండా ట్రాక్ మీద కాలు పెట్టకూడదు. గాలి మీ వీపు మీదికి వీచేలా నిలబడండి. పొగలోకి, లేచే మంటలోకి కొట్టకండి. మంట మొదట్లో, పెట్రోలు మండుతున్న అడుగున కొట్టి, అటూ ఇటూ ఊపుతూ ముందుకు నడవండి. 2 కిలోల పౌడర్ సిలిండర్ సుమారు పది సెకన్లలో ఖాళీ అవుతుంది. అందుకే దూరం నుంచి కొట్టడం మొదలుపెడితే మంట దగ్గరికి చేరేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆరిందనుకున్న మంటకు వీపు తిప్పకండి. వేడి బెండ్ పైపు మీద ఇంకా పెట్రోలు కారుతుంటే అది మళ్లీ లేస్తుంది. ఖాళీ అయిన సిలిండర్‌ను నేల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి ఉంటే హడావుడిలో ఇంకొకరు నిండుగా ఉందనుకుని తీసుకెళ్తారు.

రైడర్ బట్టలు మండుతుంటే అతణ్ని నేల మీద దొర్లించండి, ఫైర్ బ్లాంకెట్ కప్పండి, నీళ్లు పోయండి. మొహం మీదికి పౌడర్ కొట్టకూడదు. సీవోటూ అయితే మనిషి మీద అసలు వాడకూడదు, ఆ చలికి చర్మం దెబ్బతింటుంది. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయడమే మొదటి వైద్యం. పసుపు, ఇంకు, టూత్‌పేస్ట్ పూసి తీసుకొస్తే డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది.

ఇప్పుడు ఏ సిలిండర్ అన్న ప్రశ్న. శుభ్రం చేసే పని సగం ఇక్కడే తేలిపోతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఏబీసీ పౌడర్. అందులో ఉండేది మోనో అమోనియం ఫాస్ఫేట్. దాదాపు 190 డిగ్రీల వేడి తగిలితే అది కరిగి, మండుతున్న వస్తువు మీద పూతలా పరుచుకుంటుంది. గాలి అందక మంట చస్తుంది, త్వరగా తిరిగి అంటుకోదు. ప్రాణం కాపాడే ఆ పూతే ఇంజిన్ ఫిన్నుల మధ్య, బెండ్ పైపు మీద, వైరింగ్ మీద గాజు పెంకులా గట్టిపడుతుంది. తేమ తగిలితే ఆమ్లంగా మారి అల్యూమినియాన్ని, రాగిని తింటుంది. బీసీ పౌడర్‌లో సోడియం లేదా పొటాషియం బైకార్బొనేట్ ఉంటుంది. అది క్షార స్వభావం, కడగడం కొంత సులువు. సీవోటూ ఏ మరకా మిగల్చదు కానీ బయట గాలికి చెదిరిపోతుంది, ట్రాక్ పక్కన దాన్ని నమ్ముకోలేం. ఫోమ్ నేల మీద చిందిన పెట్రోలును కప్పేసి ఆవిరి రాకుండా చేస్తుంది. మనకు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి ఫోమ్ కొనేటప్పుడు ఆల్కహాల్‌ను తట్టుకునే రకమా అని అడిగి తీసుకోండి.

నా సలహా ఇది: పిట్‌లో ఒక సీవోటూ, ఒక ఫోమ్, ఒక 6 కిలోల ఏబీసీ పెట్టుకోండి. కప్పు కింద, గాలి లేని చోట, చిన్న మంటకు సీవోటూతో మొదలుపెట్టవచ్చు. అది మొదటి కొట్టుకే లొంగకపోతే, లేదా దగ్గర్లో మనిషి ఉంటే, ఏబీసీ ఎత్తండి. ‘పౌడర్ కొడితే బైకు పాడవుతుంది, యజమాని తిడతాడు’ అని ఒక్క క్షణం ఆగినా ఆ బైకుతో పాటు పక్క బైకు, టెంటు, పెట్రోలు డబ్బాలు అంటుకుంటాయి. పౌడర్ పడిన బైకును నిదానంగా బాగుచేసుకోవచ్చు. ఈ మాట ట్రాక్‌కు బయలుదేరే ముందే యజమానితో మాట్లాడి ఉంచుకోండి, అప్పుడు ఆ క్షణంలో మీ చెయ్యి వెనకాడదు.

అసలు పిట్‌లో మంట రాకుండా చూసుకోవడం ఇంకా సులువు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు పోయకండి. పోసేటప్పుడు ఒకరు సిలిండర్ పట్టుకుని పక్కన నిలబడాలి. పెట్రోలు డబ్బాల పక్కనే జనరేటర్ నడపడం మన టెంటుల్లో మామూలైపోయింది. దాన్ని మానిపించండి.

ఇక బైకు సంగతి. మంట ఆరిన బైకు మీద వెంటనే చెయ్యి వేయకండి. అరగంటైనా చల్లారనివ్వండి, రెండో సిలిండర్ దగ్గర పెట్టుకోండి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. మిగిలిన పెట్రోలు మూత ఉన్న డబ్బాలోకి దించండి. కొట్టిన సిలిండర్ లేబుల్‌ను ఫోటో తీసుకోండి, పౌడర్ ఏబీసీయో బీసీయో రేపు అదే చెబుతుంది. బైకుకు కూడా నాలుగు వైపులా ఫోటోలు తీయండి. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీ రేసింగ్‌లో జరిగిన నష్టానికి వర్తించదు. కాబట్టి ఖర్చంతా యజమాని జేబులోంచే వస్తుంది, ఏది మంటకు పోయింది, ఏది శుభ్రం చేయడంలో పోయింది అనే వాదన మీ మీదికే వస్తుంది.

ఆ తర్వాత మూడు పనులు చేయకూడదు. స్టార్ట్ చేయకూడదు. నీళ్లు కొట్టకూడదు. కంప్రెసర్ గాలి కొట్టకూడదు. స్టార్ట్ చేస్తే ఎయిర్ బాక్సులో పడిన పౌడర్ ఇంజిన్‌లోకి పోతుంది. నీళ్లు కొడితే పొడిగా ఊడిపోవాల్సిన పౌడర్ ఆమ్లపు నీళ్లుగా మారి కప్లర్లలోకి, బేరింగుల్లోకి కారుతుంది. కంప్రెసర్ గాలి దాన్ని మనం చేరలేని సందుల్లోకి తోస్తుంది, మిగిలినది మన ముక్కులోకి వస్తుంది. ఇంకో రెండు చిన్న జాగ్రత్తలు చాలామంది మర్చిపోతారు. బైకు ముందు భాగాన్ని కిందికి అదమకండి, ఫోర్కు కడ్డీల మీద ఉన్న పౌడర్ ఆయిల్ సీల్ కిందికి వెళ్తుంది. తుడవకుండా బ్రేక్ క్యాలిపర్ పిస్టన్‌లను లోపలికి నెట్టకండి.

ముందు ఎయిర్ ఇన్‌టేక్, సైలెన్సర్ నోరు పొడి గుడ్డతో మూసేయండి. మెత్తని పెయింటు బ్రష్‌తో పై నుంచి కిందికి, పొడిగానే దులపండి. వాక్యూమ్ క్లీనర్ వాడవచ్చు కానీ సన్న ధూళిని ఆపే ఫిల్టర్ ఉన్నదే వాడాలి. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా దాన్ని ప్లగ్గులో కూడా పెట్టకండి, ఆ మోటారులోని రవ్వకు ఆవిరి అంటుకుంటుంది. ఈ పొడి పని ఆ సాయంత్రమే ట్రాక్ దగ్గరే అయిపోవాలి. ‘హైదరాబాద్ వెళ్లాక చూద్దాం’ అని టార్పాలిన్ కప్పి ట్రక్కులో వేస్తే, చెన్నై సముద్రపు తేమను ఆ పౌడర్ రాత్రంతా పీల్చుకుంటుంది. తెల్లారేసరికి అల్యూమినియం మీద తెల్లని మచ్చలు మొదలవుతాయి.

పొడిగా రానిది, కరిగి పెంకు కట్టినది, తర్వాతి దశ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గోరువెచ్చని నీళ్లు సగం సగం కలిపి ఆ పెంకు మీద పోసి కొన్ని నిమిషాలు నాననివ్వండి. ఆల్కహాల్ మండుతుంది కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, దగ్గర సిగరెట్ ఉండకూడదు. ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దండి, ఇనుప బ్రష్ వద్దు. పడింది ఏబీసీ అయితే లీటరు నీళ్లకు రెండు మూడు చెంచాల వంటసోడా కలిపి తుడవండి, ఆమ్లం విరిగిపోతుంది. నురగ వస్తే భయపడనక్కర్లేదు, అది ఇంకా ఆమ్లం ఉందన్న గుర్తు. నురగ ఆగేదాకా తుడిచి, సబ్బు నీళ్లతో, ఆ తర్వాత మంచి నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. పడింది బీసీ అయితే సోడా దండగ, నీళ్లలో కాస్త వెనిగర్ కలిపితే చాలు.

వైరింగ్ దగ్గర నీళ్ల ప్రస్తావనే వద్దు. కప్లర్లు ఒక్కొక్కటీ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించండి. ఓపిక కావాల్సిన పని ఇది. హ్యాండిల్ స్విచ్‌లు, స్టార్టర్ మోటారు, ఫ్యూజ్ బాక్సు వదిలేస్తే నెల తర్వాత ఒక్కొక్కటీ మొరాయిస్తాయి, అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు కడిగి వాడే ఆలోచన మానుకోండి, కొత్తవి వేయండి. బ్రేక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ మార్చండి. చైను, చక్రాల బేరింగులు, లివర్ల పివట్‌లు విప్పి, తుడిచి కొత్త గ్రీజు పెట్టండి. పౌడర్ కొట్టేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉందా అని అక్కడున్నవాళ్లను అడగండి. నడుస్తూ ఉంటే అది పౌడర్‌ను లోపలికి పీల్చినట్టే. హెడ్డు విప్పి చూడకుండా దాన్ని స్టార్ట్ చేయవద్దు.

మంటలో కాలి జిగురుగా కరిగిన ఓ-రింగులు, సీల్‌లను ఉత్త చేతులతో ముట్టుకోకండి. ఇంజెక్టర్ల దగ్గర వాడే వైటాన్ లాంటి ఫ్లోరిన్ రబ్బరు బాగా కాలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మిగిలే ప్రమాదం ఉంది. అది చర్మం మీద పడినప్పుడు మంట వెంటనే తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. అలాగే కాలిన కార్బన్ ఫైబర్ ఫెయిరింగ్‌ను విరవకండి, కోయకండి. ఆ నూగు చర్మంలో దిగుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది.

ట్రాక్ మీద పని వేరే రకం. అక్కడ మీకు టైమ్ ఉండదు, రేసు ఆగి ఉంటుంది, కంట్రోల్ రూము నుంచి వాకీటాకీలో అడుగుతూనే ఉంటారు. అయినా వరస మార్చకండి. పెట్రోలు తారును కరిగిస్తుంది, ఆయిల్ దాని మీద పరుచుకుంటుంది, పౌడర్ రెండింటితో కలిసి బంకలా తయారవుతుంది. రేసు టైరుకు అది మంచుగడ్డతో సమానం. ముందు లోహపు ముక్కలు చేత్తో ఏరండి, అల్యూమినియం ముక్కను అయస్కాంతం పట్టుకోదు. తర్వాత పొడి పౌడర్‌ను చీపుళ్లతో రేసింగ్ లైన్ నుంచి బయటికి ఊడ్చి సంచుల్లోకి ఎత్తండి. పక్కనే రన్ ఆఫ్‌లో కుప్పగా వదిలితే తర్వాతి ల్యాపులో పడినవాడు దాని మీదే జారతాడు. ఆయిల్ ఉన్న చోట పీల్చుకునే పొడి గానీ, అది లేకపోతే సిమెంటు గానీ చల్లి, రుద్ది, దాన్ని కూడా ఎత్తేయండి. బ్లోయర్ చివరన. నీళ్లు వాడాల్సి వస్తే సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి తారు మీద బైకులు వదలడానికి తొందరపెట్టేవాళ్లు ఉంటారు. ట్రాక్ సిద్ధంగా ఉందని తేల్చాల్సింది క్లర్క్ ఆఫ్ ద కోర్స్. ఆయనకు నిజం చెప్పాల్సింది అక్కడ వంగి చూసిన మీరు. ఇంకా జారుతోందనిపిస్తే జారుతోందనే చెప్పండి.

కొద్దిగా వాడిన సిలిండర్‌ను తిరిగి గోడకు తగిలించకండి. ఒక్కసారి నొక్కినా వాల్వు సీటు మీద పౌడర్ రేణువులు ఇరుక్కుంటాయి, గ్యాసు నెమ్మదిగా కారిపోతుంది, ఇంకోసారి అవసరానికి అది పనిచేయదు. వెంటనే రీఫిల్‌కు పంపండి. ట్రక్కుల్లో తిరిగే సిలిండర్లలో కుదుపులకు పౌడర్ అడుగున గట్టిపడుతుంది, అప్పుడప్పుడూ తలకిందులు చేసి అడుగున అరచేత్తో తట్టండి. ప్రెషర్ ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో ప్రతి ట్రిప్పుకు ముందు చూడండి.

ఎలక్ట్రిక్ బైకుల గురించి ఒక్క హెచ్చరిక. 2019 మార్చిలో స్పెయిన్‌లోని హెరెస్ పాడాక్‌లో ఒక్క రాత్రి మంటలో కొత్తగా మొదలవబోతున్న మోటో-ఈ సిరీస్ బైకులన్నీ బూడిదయ్యాయి, సీజనే వాయిదా పడింది. పెద్ద లిథియం బ్యాటరీ ప్యాక్ అంటుకుంటే పౌడర్ పైమంటను ఆపినా లోపలి వేడిని ఆపలేదు. దాన్ని చల్లార్చాలంటే చాలా నీళ్లు, శిక్షణ ఉన్న మనుషులు కావాలి. మీరు దూరం జరిగి, మిగతావాళ్లను దూరం జరపండి. ఆరినట్టు కనిపించిన ప్యాక్ గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి దాన్ని గ్యారేజీలోకి, ట్రక్కులోకి ఎక్కించనివ్వకండి.

చివరగా మీ ఒంటి సంగతి. పౌడర్ విషం కాదని సిలిండర్లు అమ్మేవాళ్లు చెబుతారు, అది చాలావరకు నిజమే. కానీ మీరు ఊడ్చేది ఒక్క పౌడర్‌నే కాదు. కాలిన ప్లాస్టిక్ మసి, రబ్బరు, రంగు అన్నీ అందులో కలిసి ఉంటాయి. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే అది ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. పక్కలు మూసిన కళ్లద్దాలు, నైట్రైల్ గ్లోవులు, నిండు చేతుల నూలు బట్టలు కావాలి. నైలాన్, పాలిస్టర్ టీషర్టులు మంటకు కరిగి చర్మానికి అంటుకుపోతాయి. కంట్లో పౌడర్ పడితే రుద్దకుండా పదిహేను నిమిషాలు నీళ్లతో కడగండి. మర్నాటికీ ఆయాసం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం పీల్చారో చెప్పండి. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి.

టీము యజమానులకు కూడా ఒక మాట. కాలిన బైకును సరిగ్గా శుభ్రం చేయడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులైనా పడుతుంది. దాన్ని మామూలు సర్వీసింగ్ కింద, ఉచితపు పని కింద లెక్కకట్టకండి. ఆ కూలి విడిగా ఇవ్వండి, ట్రాక్‌కు పంపేముందే ఎంతో మాట అనుకోండి. కుర్రాళ్లూ, మీరూ అడగడానికి మొహమాటపడకండి. మాస్కులు, గ్లోవులు, కళ్లద్దాలు, బ్రష్‌లు, వంటసోడా, ఆల్కహాల్ అన్నీ కలిపినా ఒక రేసు టైరు ఖరీదు దాటదు. ఆ పెట్టె ట్రక్కులోకి ఎక్కాకే బైకు ఎక్కించండి.